పిల్లల అత్యవసర ప్రాణరక్షణ శిక్షణ

పిల్లల అత్యవసర ప్రాణరక్షణ శిక్షణ అనగా, శ్వాస గానీ గుండె గానీ ఆగిపోయే స్థితికి చేరుకుంటున్న శిశువులను, బాలబాలికలను సకాలంలో గుర్తించి, ప్రాణం నిలిపే చికిత్సను మొదటి నిమిషాలలోనే ప్రారంభించుటకు వైద్యులు, నర్సులు, అంబులెన్సు సిబ్బంది మున్నగు ఆరోగ్య కార్యకర్తలకు ఇచ్చే శిక్షణ. ఇందులో రెండు స్థాయిలు కలవు. ఛాతీ నొక్కడం, కృత్రిమ శ్వాస, గొంతులో అడ్డుపడిన వస్తువును తొలగించడం వంటివి ప్రాథమిక స్థాయికి చెందుతాయి. ఆక్సిజన్, సెలైను, మందులు, శ్వాసనాళిక, విద్యుత్ షాక్ వంటివి ఉన్నత స్థాయికి చెందుతాయి. రెండవదానికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పేరు పీడియాట్రిక్ అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్. క్లుప్తంగా 'పాల్స్' అంటారు.

పెద్దవారిలో గుండె తరచుగా హఠాత్తుగా ఆగిపోతుంది. దానికి కారణం సాధారణంగా గుండెలోనే ఉంటుంది. పిల్లలలో గుండె చాలావరకు ఆరోగ్యంగానే ఉంటుంది. ఊపిరి అందకనో, ఒంట్లోని నీరు, రక్తం తగ్గిపోయియో, తీవ్రమైన ఇన్ఫెక్షన్ వలననో క్రమక్రమంగా అలసి, అన్నిటికన్నా చివర ఆగుతుంది. ఆ ఆగడానికి ముందు కొన్ని నిమిషాలు, ఒక్కొక్కప్పుడు కొన్ని గంటలు, పిల్లవాని దేహం స్పష్టమైన సూచనలు ఇస్తూనే ఉంటుంది. ఆ సూచనలను చదవడం నేర్పుటయే ఈ శిక్షణ యొక్క ప్రధానోద్దేశం.

సంగారెడ్డి జిల్లాలోని బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం వంటి చోట్ల ఈ శిక్షణకు ప్రత్యేక ప్రాముఖ్యత ఉన్నది. అక్కడ జబ్బుపడిన పసిబిడ్డను మొదట చూసేది పిల్లల వైద్య నిపుణులు కారు. బస్తీలోని చిన్న క్లినిక్కు, నర్సింగ్ హోము నర్సు, 108 అంబులెన్సులోని సాంకేతిక నిపుణుడు ముందుగా చూస్తారు.

పిల్లలలో తేడాలు

పిల్లవాడు చిన్న పరిమాణంలోని పెద్దమనిషి కాడు అన్నది ఈ శిక్షణలో మొదటి పాఠం. ముఖ్యమైన తేడాలు ఇవి.

ఆక్సిజన్ అవసరం: పెద్దవారి దేహం ప్రతి కిలో బరువుకు నిమిషానికి 3 నుండి 4 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను వినియోగిస్తే, పసిబిడ్డ దేహం 6 నుండి 8 మిల్లీలీటర్లు వినియోగిస్తుంది. ఊపిరితిత్తులలో నిల్వ మాత్రం తక్కువ. అందువలన ఊపిరి ఆగిన పసిబిడ్డ పెద్దవారికన్నా చాలా వేగంగా నీలిరంగుకు మారుతుంది.

శ్వాసమార్గం: పసిబిడ్డ శ్వాసనాళం వ్యాసం సుమారు 4 మిల్లీమీటర్లు. దాని గోడ చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచినా గాలికి కలిగే అవరోధం 16 రెట్లు పెరుగుతుంది. అదే వాపు 8 మిల్లీమీటర్ల మార్గంలో వస్తే పెరుగుదల సుమారు 3 రెట్లు మాత్రమే. జలుబు, దగ్గు పెద్దలకు ఇబ్బంది, పసివారికి ఒక్కొక్కప్పుడు ప్రమాదం కావడానికి కారణం ఇదే.

తల, నాలుక: పసిబిడ్డ తల వెనుక భాగం పెద్దదిగా ఉండుటచే వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు మెడ ముందుకు వంగి శ్వాసమార్గం మూసుకుపోతుంది. భుజాల క్రింద మడత పెట్టిన తువ్వాలు ఉంచితే మార్గం సరళమవుతుంది. నోటితో పోలిస్తే నాలుక కూడా పెద్దది; స్పృహ తప్పినప్పుడు అది వెనుకకు జారి అడ్డుపడుతుంది.

రక్తం పరిమాణం: పిల్లలలో రక్తం కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్లు. అంటే 5 కిలోల బిడ్డలో ఉండే మొత్తం రక్తం సుమారు 400 మిల్లీలీటర్లు, రెండు గ్లాసులు. కనుక పెద్దవారికి లెక్కలోనికి రాని రక్తస్రావం గానీ, ఒక రోజు విరేచనాలు గానీ బిడ్డను షాక్‌లోనికి నెట్టగలవు.

రక్తపోటు: పిల్లల దేహం రక్తనాళాలను సంకోచింపజేసి, గుండె వేగాన్ని పెంచి, రక్తపోటును చాలాసేపు నిలబెడుతుంది. రక్తపోటు పడిపోయేనాటికి సమయం దాదాపు మించిపోయి ఉంటుంది. కాబట్టి "బి.పి. బాగానే ఉంది" అన్న మాట పిల్లల విషయంలో ధైర్యం చెప్పదు.

చరిత్ర

నోటితో ఊపిరి ఊదే పద్ధతి శాస్త్రీయంగా నిరూపితమైనది 1950ల చివరలో. జేమ్స్ ఎలమ్, పీటర్ సఫర్ అను వైద్యులు ఇందుకు కృషి చేశారు. 1960లో జాన్స్ హాప్కిన్స్ సంస్థకు చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ఛాతీని బయటినుండి నొక్కి రక్తప్రసరణను కొనసాగించవచ్చునని ప్రకటించారు. అదే సంవత్సరంలో నార్వేకు చెందిన బొమ్మల తయారీదారుడు ఆస్మండ్ లేర్డాల్, సాధన చేయుటకు అనువైన 'రెసస్సీ ఆన్' అను బొమ్మను తయారుచేశాడు. మనిషిపై చేయరాని అభ్యాసాన్ని బొమ్మపై చేయు పద్ధతి దీనితో విస్తరించినది.

తొలినాళ్ళ పాఠాలన్నీ పెద్దవారి గుండెపోటును దృష్టిలో ఉంచుకొని వ్రాసినవే. పిల్లలకు ప్రత్యేకించిన ప్రాథమిక మార్గదర్శకాలను అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 1980లో ప్రచురించినది. పిల్లల పునరుజ్జీవనంపై 1983లో జరిగిన జాతీయ సమావేశం వేరుగా కోర్సులు ఉండాలని సూచించినది. నవజాత శిశువుల కోర్సు 1987లోను, పాల్స్ కోర్సు 1988లోను అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సహకారంతో ప్రారంభమైనవి. 1992లో వివిధ దేశాల సంస్థలు కలిసి 'ఇల్కార్' అను అంతర్జాతీయ సమన్వయ సంఘాన్ని ఏర్పరచుకొన్నవి. ఇది పరిశోధనలను సమీక్షించి సిఫారసులు చేస్తుంది. వాటి ఆధారంగా ఆయా దేశాల సంస్థలు తమ మార్గదర్శకాలను సవరించుకొంటాయి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తాజా సమగ్ర సవరణ 2025 అక్టోబరులో వెలువడినది.

పేద, మధ్య ఆదాయ దేశాల ఆసుపత్రుల కొరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వేరొక పద్ధతిని రూపొందించినది. దానిని 'ఈటాట్' అంటారు. అత్యవసర వర్గీకరణ, పరీక్ష, చికిత్స అని దీని అర్థం. ఆఫ్రికాలోని మలావీ దేశంలో దీనిని ఆచరణలో పరీక్షించారు. ఓ.పి. వరుసలో వచ్చిన పిల్లలందరినీ ఎవరో ఒకరు కొన్ని క్షణాలపాటు చూసి, వెంటనే చికిత్స కావలసిన వారు, త్వరగా చూడవలసిన వారు, వేచి ఉండగలవారు అని మూడు తరగతులుగా విభజించడం ఇందులోని కీలకాంశం. పెద్ద యంత్రాలేవీ అవసరం లేని పద్ధతి ఇది.

భారతదేశంలో

1980లో ఏర్పడిన నేషనల్ నియోనటాలజీ ఫోరం 1990లో నవజాత శిశు పునరుజ్జీవన శిక్షణను దేశంలో ప్రవేశపెట్టినది. 1963లో స్థాపితమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పిల్లల ప్రాథమిక, ఉన్నత ప్రాణరక్షణ కోర్సులను తన శాఖల ద్వారా నిర్వహిస్తున్నది. ఈటాట్‌లోని అంశాలను ప్రభుత్వ ఆసుపత్రుల కొరకు రూపొందిన 'ఎఫ్-ఐ.ఎం.ఎన్.సి.ఐ.' శిక్షణలో చేర్చారు.

2009లో భారత ప్రభుత్వం నవజాత శిశు సురక్షా కార్యక్రమాన్ని ప్రారంభించినది. ప్రసవాలు జరిగే ప్రతి కేంద్రంలోను పుట్టిన వెంటనే ఏడవని బిడ్డకు ఊపిరి అందించగల వ్యక్తి కనీసం ఒకరుండాలన్నది దీని లక్ష్యం. 2022లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ వైద్యులు, నర్సులు, పారామెడికల్ సిబ్బంది కొరకు 'నెల్స్' అను జాతీయ అత్యవసర ప్రాణరక్షణ కోర్సును ప్రారంభించినది.

తెలుగు రాష్ట్రాలలో

హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రి 1953 నుండి తల్లీబిడ్డల వైద్యానికి ప్రసిద్ధి చెందినది. జిల్లాల నుండి విషమస్థితిలో ఉన్న పిల్లలను ఎక్కువగా పంపేది అక్కడికే.

ఆసుపత్రికి చేరేలోపు చికిత్సలో పెద్ద మార్పు 2005 ఆగష్టులో హైదరాబాదు కేంద్రంగా ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ 108 అంబులెన్సు సేవను ప్రారంభించడంతో వచ్చినది. అంతకుముందు అంబులెన్సు అంటే రోగిని మోసుకువెళ్ళే వాహనం మాత్రమే. 108లో శిక్షణ పొందిన అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుడు ఉంటాడు. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల సహకారంతో ఈ సంస్థ రెండేళ్ళ పారామెడిక్ కోర్సును ఆరంభించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలై 1న ప్రారంభించిన కొత్త 108 వాహనాలలో 26 నవజాత శిశువుల కొరకు ప్రత్యేకించినవి.

2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం మేడ్చల్ వద్దనున్న ఇ.ఎం.ఆర్.ఐ. ఆవరణలో సి.పి.ఆర్. శిక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించినది. అప్పటి ఆరోగ్యశాఖ మంత్రి తన్నీరు హరీశ్ రావు ఇందులో పాల్గొన్నారు. యువకులు ఉన్నట్టుండి కుప్పకూలి మరణించిన సంఘటనలు దీనికి ప్రేరణ. ఇటువంటి కార్యక్రమాలు ప్రజలలో మంచి చైతన్యం తెచ్చినవి. అయితే పెద్దవారికి నేర్పే "ఛాతీ నొక్కితే చాలు" అను పాఠం పిల్లలకు సరిపోదని గుర్తుంచుకోవాలి. ఊపిరి అందక గుండె ఆగిన బిడ్డ రక్తంలో అప్పటికే ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది. ఆ రక్తాన్ని ఎంత నొక్కి పంపినా మెదడుకు చేరే ప్రయోజనం స్వల్పం. జపాన్‌లో 5,170 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2010లో వెలువడినది. అందులో ఏడాది దాటి, గుండెజబ్బు కాని కారణాలతో గుండె ఆగిన పిల్లలలో, ఛాతీ నొక్కడంతో పాటు శ్వాస కూడా ఇచ్చినప్పుడు 7.2 శాతం మంది మెదడు దెబ్బతినకుండా బ్రతికారు. ఛాతీ మాత్రమే నొక్కినప్పుడు 1.6 శాతం మంది బ్రతికారు.

బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతం

ఇక్కడ పేర్కొన్న బొల్లారం, జిన్నారం మండలంలోని పారిశ్రామికవాడ. సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రాంతంలో, రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం వేరు. మందుల, రసాయనాల కర్మాగారాలు పెద్దసంఖ్యలో ఉన్న ఈ ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో 'పటాన్‌చెరు-బొల్లారం' అను పేరుతో దేశంలోని 43 అతి తీవ్ర కాలుష్య పారిశ్రామిక సముదాయాలలో ఒకటిగా చేర్చినది.

ఈ కర్మాగారాలలో స్థానికులతో పాటు బీహారు, ఒడిషా, ఉత్తర ప్రదేశ్, పశ్చిమ బెంగాల్ మున్నగు రాష్ట్రాల కార్మికులు పనిచేస్తున్నారు. అనేకులు భార్యాబిడ్డలతో ఒకే గది ఇండ్లలో నివసిస్తారు. గదిలోనే పొయ్యి, నీళ్ళ బకెట్టు, శుభ్రపరిచే ద్రావకాల సీసాలు ఉంటాయి. బయట నిర్మాణంలో ఉన్న భవనాల సంపులు, వేగంగా నడిచే లారీలు ఉంటాయి. నిమ్ము, వాంతులు విరేచనాలు, జ్వరంతో ఫిట్స్ వంటి సాధారణ కారణాలకు కాలిన గాయాలు, నీట మునగడం, విషపదార్థాలు మ్రింగడం, రోడ్డు ప్రమాదాలు తోడవుతాయి.

ఇక్కడి బిడ్డ చికిత్సకు వెళ్ళే దారి ఒక గొలుసు వంటిది. బస్తీలోని ఆర్.ఎం.పి., చిన్న క్లినిక్కు లేదా బస్తీ దవాఖానా, పటాన్‌చెరు ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి, కార్మిక బీమా ఉన్నవారికి రామచంద్రాపురం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, జిల్లా కేంద్రమైన సంగారెడ్డిలోని ఆసుపత్రి, చివరకు నీలోఫర్ ఇందులోని కొక్కెములు. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. బొల్లారం నుండి నీలోఫర్‌కు దూరం పాతిక కిలోమీటర్లకు పైమాటే. మియాపూరు, కూకట్‌పల్లి రద్దీలో పట్టే సమయం అంతకన్నా పెద్ద సమస్య. ఆక్సిజన్ అందని మెదడు నాలుగైదు నిమిషాలలోనే దెబ్బతినడం మొదలవుతుంది. కనుక గొలుసు చివరన ఎంత గొప్ప ఆసుపత్రి ఉన్నప్పటికీ, మొదటి కొక్కెము వద్ద ఉన్నవారికి శిక్షణ లేకపోతే బిడ్డకు దాని ప్రయోజనం అందదు. "వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపొండి" అని చెప్పి పంపడానికి, అదే మాట చెబుతూ ఆక్సిజన్ పెట్టి, ఊపిరి నిలబెట్టి పంపడానికి నడుమనున్న తేడాయే చాలాసార్లు బిడ్డ బ్రతుకు.

భాష కూడా ఇక్కడ ఒక అంశం. తెలుగు రాని తల్లి నుండి బిడ్డ పరిస్థితిని రాబట్టడం కష్టం. లక్షణాలు, పడని మందులు, వాడుతున్న మందులు, పాత జబ్బులు, చివరిసారి ఏమి తిన్నాడు, ఏమి జరిగింది అను ఆరు ప్రశ్నలను శిక్షణలో వరుసగా నేర్పుతారు. వీటిని హిందీ, ఒరియా, బెంగాలీ భాషలలో వ్రాసి గోడకు అంటించుకొనడం ఇటువంటి ప్రాంతాలలో ఉపయోగకరం.

శిక్షణాంశాలు

గుర్తించడం

బిడ్డను తాకకముందే, గుమ్మం నుండి చూస్తూ కొద్ది క్షణాలలో మూడు విషయాలు గమనించాలి. దీనిని 'పరీక్షా త్రికోణం' అంటారు. మొదటిది వాలకం: బిడ్డ చుట్టూ చూస్తున్నాడా, తల్లిని గుర్తిస్తున్నాడా, ఏడుపులో బలం ఉన్నదా, లేక వాలిపోయి ఉన్నాడా. రెండవది శ్వాస శ్రమ: డొక్కలు ఎగరవేయడం, ముక్కుపుటాలు అదరడం, మూలుగు, తల ఊపుతూ ఊపిరి తీయడం. మూడవది చర్మపు రంగు: పాలిపోవడం, మచ్చలుగా కనబడడం, నీలిరంగు.

తరువాత శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ, నాడీస్థితి, దుస్తులు తొలగించి దేహపరీక్ష అను క్రమంలో చూస్తారు. శ్వాసను నిండు నిమిషం లెక్కించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 2 నెలల లోపు శిశువులో 60 లేక అంతకు మించి, 2 నుండి 12 నెలల మధ్య 50 లేక అంతకు మించి, 1 నుండి 5 ఏళ్ళ మధ్య 40 లేక అంతకు మించి ఉంటే అది వేగవంతమైన శ్వాస. ఆయాసపడుతున్న బిడ్డ శ్వాస ఒక్కసారిగా నెమ్మదించి, బిడ్డ మగతగా మారితే దానిని మెరుగుదల అనుకోరాదు. బిడ్డ అలసి ఊపిరి ఆగబోతున్నదని అర్థం. బోధకులు ఎక్కువసార్లు నొక్కి చెప్పే హెచ్చరికలలో ఇది ఒకటి.

గోరును నొక్కి వదలినప్పుడు రంగు తిరిగి రావడానికి 2 సెకనులకు మించి పట్టడం, చేతులు కాళ్ళు చల్లబడడం, నాడి వేగంగా, బలహీనంగా ఉండడం షాక్ లక్షణాలు. ఒకటి నుండి పదేళ్ళ వయసులో పై రక్తపోటు కనీసం ఎంత ఉండాలో తెలుసుకొనుటకు వయసును రెండుతో హెచ్చించి 70 కలుపుతారు. నాలుగేళ్ళ బాలునికి ఇది 78.

ప్రాథమిక ప్రాణరక్షణ

స్పందన లేక, శ్వాస లేక, పది సెకనుల లోపు నాడి తెలియకపోతే సి.పి.ఆర్. ప్రారంభించాలి. ఆక్సిజన్, శ్వాస అందిస్తున్నప్పటికీ గుండె వేగం నిమిషానికి 60కి తక్కువగా ఉండి రక్తప్రసరణ లక్షణాలు బాగులేకపోయినా ఛాతీ నొక్కాలి. పెద్దవారి శిక్షణలో లేని నియమమిది.

నొక్కే వేగం నిమిషానికి 100 నుండి 120. లోతు ఛాతీ మందంలో కనీసం మూడవ వంతు. అనగా ఏడాది లోపు శిశువులో సుమారు 4 సెంటీమీటర్లు, పిల్లలలో సుమారు 5 సెంటీమీటర్లు. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఒక్కరే ఉంటే 30 నొక్కులకు 2 శ్వాసలు, ఇద్దరు ఆరోగ్య సిబ్బంది ఉంటే 15 నొక్కులకు 2 శ్వాసలు. శ్వాస ఇస్తున్నప్పుడు ఛాతీ కనిపించేటంత పైకి లేస్తే చాలు. అంబు బ్యాగును బలంగా పిండితే గాలి పొట్టలోనికి పోయి వాంతి అవుతుంది. అప్పుడే పుట్టిన శిశువులకు నియమాలు వేరు. అక్కడ మొదటి నిమిషంలోనే శ్వాస అందించడం ప్రధానం. ఛాతీ నొక్కవలసి వస్తే 3 నొక్కులకు 1 శ్వాస.

శిశువుల ఛాతీని రెండు వ్రేళ్ళతో నొక్కే పాత పద్ధతిని 2025 మార్గదర్శకాలు సిఫారసు చేయడం లేదు. రెండు చేతులతో ఛాతీని చుట్టి రెండు బొటనవ్రేళ్ళతో నొక్కడం, లేదా ఒక అరచేతి మడమతో నొక్కడం మేలని చెబుతున్నవి. రెండు వ్రేళ్ళతో తగిన లోతు రాదన్నది ఇందుకు కారణం. పాత శిక్షణ పొందినవారు ఈ మార్పును తెలుసుకోవలసి ఉన్నది.

గొంతులో వేరుశనగ గింజో, సీతాఫలం గింజో అడ్డుపడి బిడ్డకు దగ్గు, ఏడుపు కూడా రానప్పుడు, ఏడాది లోపు శిశువునకు వీపుపై 5 చరుపులు, ఛాతీపై 5 నొక్కులు మార్చి మార్చి ఇవ్వాలి. ఏడాది దాటినవారికి వీపుపై 5 చరుపులు, పిదప పొట్టపై 5 నొక్కులు. శిశువు పొట్టను నొక్కరాదు; కాలేయం దెబ్బతినగలదు. కంటికి కనబడని వస్తువు కొరకు గొంతులో వ్రేలు పెట్టి వెదకరాదు. అది మరింత లోతుకు పోతుంది.

నీట మునిగిన బిడ్డను తలక్రిందులుగా పట్టుకొని త్రిప్పడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం కాలహరణమే. శ్వాస ఇవ్వడమే మొదటి చికిత్స.

ఉన్నత స్థాయి ప్రాణరక్షణ

ఈ స్థాయిలో మందులన్నీ బరువును బట్టి ఇస్తారు. హడావిడిలో బిడ్డను తూచడం సాధ్యం కానప్పుడు పొడవును బట్టి బరువును అంచనా వేసే రంగుల పట్టీని వాడతారు. అమెరికా వైద్యుడు జేమ్స్ బ్రోస్‌లో 1980లలో దీనిని రూపొందించాడు. భారతీయ పిల్లలలో, ముఖ్యంగా కొంత పెద్ద పిల్లలలో, ఈ పట్టీ అసలు బరువుకన్నా ఎక్కువ చూపుతుందని మన దేశపు అధ్యయనాలలో తేలినది. ఇక్కడ వాడేవారు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

గుండె ఆగినప్పుడు ప్రధాన ఔషధం అడ్రినలిన్. మోతాదు కిలోకు 0.01 మిల్లీగ్రాము; 3 నుండి 5 నిమిషాలకు ఒకసారి. మన దేశంలో దొరికే ఆంప్యూల్‌లో ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉంటుంది. దానిని 9 మిల్లీలీటర్ల సెలైనుతో కలిపి 10 మిల్లీలీటర్లు చేసి, కిలోకు 0.1 మిల్లీలీటరు చొప్పున నరంలోనికి ఇవ్వాలి. 10 కిలోల బిడ్డకు 1 మిల్లీలీటరు. కలపడం మరచి ఆంప్యూల్ నుండి నేరుగా అదే మిల్లీలీటరు ఇస్తే బిడ్డకు పది రెట్ల మోతాదు చేరుతుంది. ఇటువంటి దశాంశ స్థానపు పొరపాటును నివారించుటకే "ఎంత, దేనితో కలిపినది" అని బిగ్గరగా చెప్పి, విన్నవారు తిరిగి చెప్పే పద్ధతిని శిక్షణలో అలవాటు చేస్తారు.

షాక్ తగిలించవలసిన లయ కనబడితే మొదటిసారి కిలోకు 2 జౌళ్ళు, రెండవసారి 4 జౌళ్ళు ఇస్తారు. నరం దొరకనప్పుడు ఎముక మజ్జలోనికి సూది గ్రుచ్చి మందులు, సెలైను ఎక్కిస్తారు. షాక్‌లోనికి పోయిన బిడ్డలో నరాలు ముడుచుకుపోయి ఉంటాయి కనుక, వాటి కొరకు నిమిషాలు వృథా చేయకుండా ఉండుటకు ఈ నైపుణ్యం అవసరం. ఫిట్స్ 5 నిమిషాలు దాటితే మందు ఇవ్వాలి. నరం లేకున్నా ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే అందుబాటులో ఉన్నది. స్పృహలేని ప్రతి బిడ్డలోను రక్తంలోని చక్కెరను చూడడం మరువరాదు.

షాక్‌కు సెలైను ఇవ్వడంలో కూడా వివేచన నేర్పుతారు. ఉగాండా, కెన్యా, టాంజానియా దేశాలలో తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ లోపంతో వచ్చిన 3,141 మంది పిల్లలపై జరిపిన 'ఫీస్ట్' పరిశోధన 2011లో వెలువడినది. ద్రవాలను వేగంగా ఎక్కించిన పిల్లలలో 48 గంటలలో మరణాలు 10.5 శాతానికి పైగా ఉండగా, అలా ఎక్కించని వారిలో 7.3 శాతం మాత్రమే. వెంటిలేటర్లు, ఐ.సి.యు.లు లేని చోట జరిగిన పరిశోధన ఇది. అందుచేత ప్రస్తుతం కిలోకు 10 నుండి 20 మిల్లీలీటర్ల చొప్పున ఇస్తూ, ప్రతిసారీ ఆయాసం పెరిగిందా, కాలేయం ఉబ్బిందా అని తిరిగి పరీక్షించవలెనని బోధిస్తున్నారు. విరేచనాలతో నీరు కోల్పోయిన బిడ్డకు ద్రవాలు ప్రాణప్రదమే. గుండె కండరం బలహీనపడిన బిడ్డకు అవే ప్రమాదకరం.

విషపదార్థాలు

కిరోసిన్, టర్పెంటైన్, పారిశ్రామిక ద్రావకాలు మ్రింగిన బిడ్డకు వాంతి చేయించరాదు. కక్కేటప్పుడు అవి ఊపిరితిత్తులలోనికి పోయి తీవ్రమైన నిమ్ము కలిగిస్తాయి. ఆమ్లాలు, క్షారాలు త్రాగినప్పుడు కూడా వాంతి చేయించరాదు; దిగేటప్పుడు కాల్చినది ఎక్కేటప్పుడు మరల కాల్చుతుంది. పురుగుమందు వలన చొంగ, చెమట, కనుపాపలు సూదిమొనలా చిన్నవి కావడం, ఊపిరితిత్తులలో నీరు చేరడం కనబడితే అట్రోపిన్ అవసరమవుతుంది. సీసాను, లేదా దాని ఫొటోను, బిడ్డతో పాటు ఆసుపత్రికి తేవాలని తల్లిదండ్రులకు చెప్పడం కూడా శిక్షణలో భాగమే.

బోధనా విధానం

ఉన్నత స్థాయి కోర్సు సాధారణంగా రెండు రోజులు జరుగుతుంది. ఉపన్యాసాలు తక్కువ, అభ్యాసం ఎక్కువ. నలుగురైదుగురు ఒక జట్టుగా బొమ్మ చుట్టూ చేరతారు. ఒకరు నాయకత్వం వహిస్తారు. ఒకరు శ్వాస, ఒకరు ఛాతీ, ఒకరు మందులు, ఒకరు సమయం వ్రాయడం చూసుకొంటారు. బోధకుడు ఒక సందర్భం చెబుతాడు. ఉదాహరణకు: ఎనిమిది నెలల బిడ్డ, మూడు రోజుల దగ్గు, ఉదయం నుండి పాలు త్రాగడం లేదు, శ్వాస నిమిషానికి 70. జట్టు ఆక్సిజన్ ఇస్తుంది. బోధకుడు కొద్దిసేపటికి "ఇప్పుడు శ్వాస 20, బిడ్డ కదలడం లేదు" అంటాడు. శ్వాస తగ్గినదని సంతోషించేవారు, వెంటనే అంబు బ్యాగు అందుకొనేవారు అక్కడ తేలిపోతారు.

అభ్యాసం ముగిసిన తరువాత జరిగే సమీక్ష ఇందులో ముఖ్యభాగం. ఏమి జరిగినది, ఎందుకు జరిగినది, మరుసటిసారి ఏమి చేయవచ్చును అని జట్టు మాట్లాడుకొంటుంది. ఎవరినీ నిందించడం ఉండదు. పెద్ద డాక్టరు పొరబడుతున్నప్పుడు చిన్న నర్సు గౌరవంగా, స్పష్టంగా "సార్, ఈ మోతాదు ఒకసారి చూడండి" అని చెప్పగలగడం కూడా నేర్పవలసిన నైపుణ్యమే. హోదాలకు ప్రాధాన్యమిచ్చే మన ఆసుపత్రులలో ఇది తేలికైన పాఠం కాదు.

ఫలితాలు, పరిమితులు

అమెరికాలో ఆసుపత్రి లోపల నాడి ఆగిన పిల్లలలో బ్రతికి ఇంటికి వెళ్ళినవారు 2000లో 19 శాతం కాగా, 2018 నాటికి 38 శాతం. శిక్షణ, ముందుగా గుర్తించడం, చికిత్స నాణ్యత మెరుగుపడడం ఇందుకు తోడ్పడినవి. ఆసుపత్రి వెలుపల గుండె ఆగిన పిల్లలలో మాత్రం ఇటువంటి మెరుగుదల లేదు. బ్రతికేవారు పదిమందిలో ఒక్కరికి మించడం లేదు. గుండె ఆగకముందే అందే చికిత్స విలువను ఈ అంకెలు తెలుపుతున్నవి.

నమూనా నమోదు విధాన సర్వే ప్రకారం తెలంగాణలో శిశుమరణాలు ప్రతి వెయ్యి జననాలకు 2014లో 35 ఉండగా 2020లో 21కి తగ్గినవి. 2020లో దేశపు సగటు 28. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, పోషణ వంటి అనేక కారణాలు దీని వెనుక ఉన్నవి. మిగిలిన మరణాలలో కొన్నింటినైనా ఆపుటకు అత్యవసర చికిత్స ఒక మార్గం.

ఈ శిక్షణకు ప్రధాన పరిమితి మరపు. సర్టిఫికెట్టు చెల్లుబాటు సాధారణంగా రెండేళ్ళు. కానీ చేతి నైపుణ్యం కొన్ని నెలలలోనే తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నవి. అందువలన రెండేళ్ళకు ఒకసారి పెద్ద శిక్షణ కన్నా మూడు నెలలకు ఒకసారి కొద్ది నిమిషాల సాధన మేలన్న అభిప్రాయం బలపడుతున్నది. చిన్న నర్సింగ్ హోములలో నర్సులు తరచుగా ఉద్యోగాలు మారడం, కోర్సుల రుసుము, పాఠాలు ఆంగ్లంలోనే ఉండడం మన ప్రాంతంలోని అదనపు చిక్కులు. శిక్షణ పొందినవారి చేతిలో సామగ్రి లేకపోవడం మరొకటి: శిశువులకు తగిన కొలత మాస్కు, 250 లేక 500 మిల్లీలీటర్ల అంబు బ్యాగు, నిండిన ఆక్సిజన్ సిలిండరు, గడువు తీరని అడ్రినలిన్. ఈ నాలుగింటి ఖర్చు ఒక ఏ.సి. యంత్రం ఖర్చుకన్నా తక్కువ. వీటిని ఒకే పెట్టెలో ఉంచి ప్రతి షిఫ్టు ఆరంభంలో సరిచూసి సంతకం చేసే అలవాటు, ఏ కోర్సు కన్నా ముందు చేయదగిన పని.

ఈ వ్యాసం పరిచయం కొరకు మాత్రమే. శిక్షణకు ప్రత్యామ్నాయం కాదు. అత్యవసర సమయంలో 108కి ఫోను చేయవలెను.

ఇవి కూడా చూడండి

నీలోఫర్ ఆసుపత్రి
108 అంబులెన్సు సేవ
పటాన్‌చెరు
సంగారెడ్డి జిల్లా
ప్రథమ చికిత్స
న్యుమోనియా